ఎడమ క్రాంకు

నడికుడి స్టేషను రోడ్డులో ఫర్జానా టీ కొట్టు ముందు రెండు నాపరాళ్లు వేసి ఉంటాయి. ఒకటి వచ్చేపోయేవాళ్లకు, రెండోది జాన్ సాహెబుకు. ఒక్క మనిషికి అంత రాయి ఎందుకయ్యా అంటే, ఆయన మాట్లాడేటప్పుడు చేతులు కూడా మాట్లాడతాయి. పక్కన కూచున్నవాడి టీ నేలపాలవుతుంది. నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్న మనిషి. పని మీద ఉన్నంతసేపూ పెదవి కదపడు. చేతులు తుడుచుకుని లేచాడంటే మాత్రం ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆయన చెప్పేవి కోతలని ఊరందరికీ తెలుసు. తెలిసే వింటారు. ఒక మనిషి మనసారా అబద్ధం ఆడుతుంటే వినడంలో ఒక సుఖం ఉంది, అందులో ఎవరికీ నష్టం లేనంతవరకూ.

ఆ శనివారం మధ్యాహ్నం సుఖంగా వినే రోజు కాదు. మూడు రోజులుగా ముసురు వదల్లేదు. విచ్చిన పత్తి చెట్టు మీదే నాని నల్లబడుతోంది. చూసి చేసేదేమీ లేదని రామయ్య చేనికి పోవడం మానేసి పొద్దుటినుంచీ ఆ రాయి మీదే ఉన్నాడు. ఫర్జానా పొయ్యి మీదికి పట్టా కట్టింది గానీ, గాలి మళ్లినప్పుడల్లా పొగ మొహాల్లోకే కొడుతోంది.

నెహెమ్యా గొడుగు మూసి రామయ్య పక్కన కూచున్నాడు. టీ కోసం రాలేదు. అతను రైల్వేలో కీమేను. తెల్లారేసరికి పట్టాల వెంట నడుస్తూ, పట్టాను పట్టి ఉంచే కీలు వదులయ్యాయేమో చూసి సుత్తితో బిగించడం అతని పని. కూతురు లహరికి పదిహేడేళ్లు. రేసు సైకిలు తొక్కుతుంది. మర్నాడు పొద్దున మాచర్ల అవతల, సాగర్ పోయే దారిలో, రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ. సాయంత్రం ఆరింటి మాచర్ల రైలుబండికి సైకిలుతో సహా వెళ్లాలి. వచ్చే ఏటికి ఆ పిల్ల వయసు దాటిపోతుంది. ఇది తప్పితే ఇంకోటి లేదు.

పోయిన వారం ఆ సైకిలుకు ఎడమ క్రాంకు చిట్లింది. క్రాంకంటే పెడలును ఇరుసుకు కలిపే కడ్డీ. తొక్కేవాళ్ల బలమంతా దాని మీదే పడుతుంది. జాన్ సాహెబు ఎక్కడో పాత రేసు బండికి ఊడదీసిన క్రాంకు సంపాదించి, నిన్న పొద్దున బిగించి, అచ్చు గుద్దినట్టు సరిపోయిందన్నాడు. ఈ మధ్యాహ్నం భోజనం చేసి బండి తుడుస్తుంటే, క్రాంకుకూ ఇరుసుకూ నడుమ ఏదో సన్నగా మెరవడం నెహెమ్యా కంటపడింది. గోటితో గీకి చూశాడు. రేకు. కూల్‌డ్రింకు డబ్బాలోంచి కత్తిరించిన ముక్క, అంచున ఎర్ర రంగు కూడా పోలేదు.

అది అడగాలని వచ్చాడు. అయితే అడగడం అంత తేలికా? లహరిని మొట్టమొదట సైకిలు ఎక్కించి, సీటు పట్టుకుని రైల్వే గేటుదాకా పరిగెత్తినవాడు జాన్ సాహెబే. ఈనాటికీ ఆ పిల్ల బండి మీద చెయ్యి వేశాడంటే పైసా మాట ఎత్తనివ్వడు. అలాంటి పెద్దమనిషిని పట్టుకుని నలుగురిలో రేకెందుకు పెట్టావంటే, పనివాడి చెంప మీద కొట్టినట్టే. ఒంటరిగా దొరికితే అడుగుదామనుకున్నాడు. కానీ ఆయన అప్పటికే మొదలుపెట్టేశాడు.

మొదలు మామూలుగానే ఉంది. పోయినేడు హైదరాబాదు నుంచి గుంటూరు పోయే సైకిలు జట్టొకటి గామాలపాడు కాడ ఆగిపోయిందట. ఒకాయన క్రాంకు ఊడొచ్చిందట, ఈయన పోయి బిగించి వచ్చాడట. అంతవరకూ నిజమే అయి ఉండొచ్చు.

"బిగించడం గొప్ప కాదబ్బాయ్," అన్నాడు జాన్ సాహెబు, టీ గ్లాసు రాయి మీద పెట్టి చేతులు ఖాళీ చేసుకుంటూ. "ఏది బిగించాలో తెలియడం గొప్ప. రేసు బండ్లన్నీ చూట్టానికి ఒక తల్లి పిల్లల్లాగే ఉంటై, ఒకదాని చొక్కా ఇంకోదానికి పట్టదు. ముందు ఇరుసు చూడాల. ఒకదానికి నాలుగు పలకల ఇరుసుంటది, ఇంకోదానికి గొట్టంలాగా బోలు ఇరుసుంటది. నాలుగు పలకలంటే నాలుగు పలకలేగా అనుకుంటావు, ఆ పలకల్లోనూ మళ్లీ రెండు జాతులు, కంటికి రెండూ ఒకటే, వెంట్రుకవాసి తేడా, ఆ వెంట్రుకే కొంప ముంచుద్ది. ఆ తర్వాత వెనక చక్రం కాడ పళ్ల బిళ్లలు లెక్కబెట్టాల, ఎనిమిదా, పదా, పదకొండా. బిళ్లలు పెరిగేకొద్దీ చైను సన్నమైద్ది, ఆ చైనుకు తగ్గ చైన్‌వీలు కావాల, దానికి తగ్గ క్రాంకు కావాల. ఆ మీదట పొడుగు. కుడిదెంతో ఎడమదీ అంతే ఉండాల, లేకపోతే మనిషి కూచునే కుంటతాడు. ఇరుసు చూడకుండా క్రాంకు కొన్నోడూ, కాలు చూడకుండా చెప్పులు కొన్నోడూ ఒకటే."

నెహెమ్యా తలెత్తాడు. నిన్న సాయంత్రం లహరి దాచేపల్లి దాకా ఒక చుట్టు తొక్కి వచ్చి, ఎడమ కాలు కాస్త ఎక్కువ చాపాల్సొస్తోంది నాన్నా, కొత్త గదా అలవాటైపోద్దిలే, అంది. అప్పుడు అతనూ అంతేలే అనుకున్నాడు. ఇప్పుడు పెద్దాయన చెప్పిన పొడుగు లెక్కకు ఆ మాట అతికింది. అడుగుదామని గొంతు సవరించుకునేలోపు కథ పరుగందుకుంది.

ఆ జట్టు వెనక వ్యానొకటి వస్తోందట. అందులో ఐదు బండ్ల క్రాంకులు, ఏవి ఏ బండివో తెలియకుండా, ఒకే గోనెసంచిలో కలిసిపోయి ఉన్నాయట. వాళ్ల కోచ్ తలపట్టుకుని రోడ్డు మీద కూచున్నాడట.

"ఇందాక గోనెసంచి లేదుగా మామా?" అన్నాడు రామయ్య.

"ఇందాక నువ్వు అడగలేదుగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తువ్వాలు తీసి నా కళ్లకు కట్టమన్నా. సంచిలో చెయ్యి పెట్టి ఒక్కోటి తడిమి చెప్తన్నా, ఇది ఎనిమిది బిళ్లల బండిది, ఇది పదకొండుది, ఇది బోలు ఇరుసుది, ఇది తొక్కేవాడికి కుడి మోకాలు నొప్పి ఉంది, ఇది ఆడపిల్లది, ఇది తొక్కేవాడు పెళ్లాంతో తగాదా పడి బయల్దేరాడు. వాడు వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు, తాతా నీకెట్టా తెలిసిందని. క్రాంకులో అంతా ఉంటది నాయనా, మనిషి బరువెంత, మనసెంత బరువుగా ఉంది, అన్నీ ఉంటై, అన్నా."

ఫర్జానా పాలు తిప్పుతూ, "నీ తువ్వాలు కళ్లకు కట్టుకుంటే గ్రీజుకే కళ్లు పోతై చిచ్చా," అంది.

ఆమె మాట ఆయన చెవికెక్కలేదు. చేతులు అప్పటికే గాలిలో ఒక సైకిలును నిలబెట్టాయి. ఆ కోచ్ చదువుకున్నవాడు గదా, ఎనిమిది బిళ్లల బండికి పదకొండు బిళ్లల క్రాంకు కుదరదని పుస్తకంలో ఉంది తాతా, అన్నాడట. కుదరదు, నీకు కుదరదు, అన్నాడట ఈయన. ఇరుసు చెవిలో ఒక మాట చెప్పి, క్రాంకు వీపు మీద ఒకసారి నిమిరాడట. పిల్లి పాలలో మూతి పెట్టినట్టు అదే లోపలికి దిగిందట.

సందు దొరికిందనుకుని నెహెమ్యా మెల్లిగా అన్నాడు. "అయితే మామా, మన పాప బండిది అందులో ఏ జాతి ఇరుసు?"

గాలిలో తిరిగే చేతులు ఒక్క క్షణం ఆగాయి. జాన్ సాహెబు అతని వైపు చూసి, వెంటనే రోడ్డు వైపు చూశాడు. పట్టాల మీద నడిచేవాడికి చప్పుడు మారితే తెలుస్తుంది. ఇక్కడ చప్పుడు మారింది. నెహెమ్యా ఇంకోమాట అనేలోపే పెద్దాయన గొంతు అంతకు రెండింతలు పెంచి, కథను అందరి నెత్తి మీదికీ లేపాడు.

"చెప్పనీయండబ్బా, అసలు సంగతి ఇప్పుడే ఉంది. బిగించినోడే తొక్కి చూడాల, అది మా పనిలో ధర్మం. ఎక్కా. ఒక్క తొక్కు తొక్కా. కళ్లు తెరిచేసరికి గురజాల. అరె, మాచర్ల బండి నాకంటే ముందు బయల్దేరిందే అని పక్కకు చూస్తే, అది ఇంకా నా వెనక వస్తంది. డ్రైవరు తల బయటపెట్టి, సాయిబూ, కాస్త దారియ్యి, నాకు టైముకు పోకపోతే మెమో ఇస్తారు, అంటన్నాడు. నేనేం చేసేది, కాళ్లు పెడల్స్ మీద నుంచి తీసేశా, అయినా క్రాంకు తిరగతానే ఉంది. వానజల్లు నా మీద పడకముందే నేను ముందుకెళ్లిపోతన్నా, చొక్కా మీద ఒక్క చుక్క లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా నీడ నాతో రాలేకపోయింది. గురజాల కాడే ఆగిపోయింది. మర్నాడు బస్సులో పోయి తెచ్చుకున్నా."

రామయ్య పక్కున నవ్వాడు. మూడు రోజుల్లో అతను నవ్వడం అదే మొదటిసారి. నీడకు కూడా టికెట్ కొట్టారా మామా, అనడిగాడు. అర టిక్కెట్టే, అన్నాడు జాన్ సాహెబు, ముడుచుకుని కూచుంది గదా.

"ఆ క్రాంకు ఇట్టా తేరాదూ, నా పత్తి మీద రెండు తిప్పులు తిప్పితే ఆరిపోద్ది," అన్నాడు రామయ్య.

నవ్వించాననే సంతోషం ఆయన మొహంలో వెలిగింది. నెహెమ్యాకు మాత్రం ఆ వెలుగు చూస్తే భయమేసింది. ఇదివరకు ఆయన కోతలు ఎక్కడో ఒకచోట కాళ్లు నేలకు ఆనించేవి. ఇవాళ దిగడానికి ఇష్టం లేనట్టు పైపైకే పోతున్నాయి. వినుకొండ కొండ మీదికి మెట్ల దారినే ఎక్కేశాడు. చైను వేడికి చుట్టూ కొండరాళ్లు పెనంలాగా కాలి, ఎవరో ముసలమ్మ వాటి మీద రొట్టె కాల్చుకుంది. దిగేటప్పుడు బ్రేకు రబ్బర్లు కరిగి కారిపోతే, క్రోసూరు సంతలో గాడిదల నడుమ నుంచి పోయి, కృష్ణ ఒడ్డున కూడా ఆగక, నీళ్ల మీద చక్రం తడవకుండా తెలంగాణకు దాటేశాడు. అక్కడివాళ్లు బువ్వ పెట్టి పంపించారు. చివరకు క్రాంకులు చేసే విదేశీ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి, ఇకమీదట మా కొలతలన్నీ మీ బొటనవేలి లెక్కనే పెట్టుకుంటాం, మీ వేలు ముద్ర ఒకటి పంపండి సార్, అని ప్రాధేయపడ్డారు.

"ఏ ఇరుసైనా, ఏ బండైనా, జాన్ సాహెబు చెయ్యి పడితే సరిపోయి తీరాల్సిందే," అని ముగించాడు. "భూమి తిరిగే ఇరుసు వదులైనా నన్నే పిలుస్తారు."

అవతల స్టేషనులో ఏదో గూడ్సు బండి కదిలిన చప్పుడు. నాలుగు దాటింది. ఇంట్లో లహరి బట్టలు సర్దుకుంటూ ఉంటుంది. ఈ పెద్దాయన పరువు నిలబెట్టి ఊరుకుంటే, రేపు పొద్దున పిల్ల సాగర్ దారి దిగుడులో ఆ రేకు మీద లేచి నిలబడుతుంది. నెహెమ్యా మోకాళ్ల మీద చేతులు ఆనించాడు.

"మామా. పాప బండికి ఎడమ క్రాంకు కింద రేకు ఉంది."

గొంతు పెంచలేదు. అయినా రామయ్య నవ్వు సగంలో ఆగింది. ఫర్జానా గరిటె తిప్పడం మానింది.

జాన్ సాహెబు నవ్వబోయాడు. ఉంటది, నేనేగా పెట్టింది, అదొక పద్ధతి, ఆ రేకుకొక కథ ఉంది, అని ఎత్తుకున్నాడు గానీ, ఆ కథ రెండడుగులు కూడా వెయ్యలేదు.

"కీ వదులైతే మేము రేకు పెట్టం మామా," అన్నాడు నెహెమ్యా. "కీ మారుస్తాం. దొరక్కపోతే ఎర్రజెండా పట్టుకుని బండికి ఎదురు నిలబడతాం. నీ పనికి వంక పెట్టడానికి రాలేదు. ఒక్కటి చెప్పు చాలు. రేపు ఆ దిగుడులో ఆగుద్దా?"

రైలును దాటి పోయినవాడు, నీడను దారిలో వదిలేసినవాడు, టీ గ్లాసును రాయి మీద ఒకసారి జరిపి పెట్టాడు. పొగ కళ్లలో పడుతున్నా మొహం తిప్పుకోలేదు.

"తెలియదు," అన్నాడు.

ఆ కొట్టు దగ్గర ఆయన నోట ఆ మాట ఎవరూ విని ఎరగరు.

తర్వాత మెల్లిగా, ఒక్కొక్క ముక్కగా చెప్పాడు. ఆ క్రాంకు రంధ్రం రెండో జాతిది, పొడుగూ కుడిదానికంటే కాస్త ఎక్కువ. పాప బండి ఇరుసు మీద ఎక్కాల్సినదానికంటే లోపలికి పోయింది. బోల్టు బిగిస్తే క్రాంకును పట్టకుండా ఇరుసు కొసను తన్నింది. చేత్తో ఊపితే కదిలింది. నలభై ఏళ్లుగా పాలక్యాన్ల బండ్లకు, ఎరువు బస్తాల బండ్లకు చేసిందే చేశాడు. ఆ బండ్లలో క్రాంకును పట్టి ఉంచే కాటర్‌పిన్ అరిగితే, దానికి రేకు చుట్టి సుత్తితో దిగగొడితే ఏళ్ల తరబడి కదిలేది కాదు. కానీ అది ఇనుము మీద ఇనుము. ఇది అల్యూమినియం, మెత్తన. రేకు నలిగేకొద్దీ రంధ్రం పలకలు గుండ్రంగా అరిగిపోతాయి. పదిహేను కిలోమీటర్లు ఆగుతుందో, ఎనభై ఆగుతుందో.

"ఇదంతా నిన్ననే తెలుసా మామా?"

"బిగిస్తన్నప్పుడే తెలుసు."

"మరి?"

జాన్ సాహెబు తన చేతుల వంక చూసుకున్నాడు. "ఆ పిల్ల ఎదురుగా నిలబడి, అవుద్దా తాతా, అంది. ఆ పిల్లకు నేనెప్పుడూ కాదని చెప్పలేదు నెహెమ్యా."

ఆయనే ముందు లేచాడు. నేనూ వస్తా, నేనే చెప్తా, అన్నాడు. నెహెమ్యా గొడుగు ఆయన వైపు జరిపితే, దాని కింది నుంచి తప్పుకుని జల్లులోనే నడిచాడు.

రైల్వే క్వార్టర్స్‌లో లహరి సైకిలు ముందు చక్రం విప్పి తాడుతో కట్టేసి ఉంచింది. తాతను చూడగానే, సాగనంపడానికి వచ్చావా, అంది నవ్వుతూ. జాన్ సాహెబు గడప దాటలేదు. ఎడమ క్రాంకు సరిపోలేదమ్మా, కింద రేకు పెట్టాను, ఊడిపోవచ్చు, నువ్వు ఎక్కొద్దు, అని చెప్పేశాడు. అందులో ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

లహరి ముందు నమ్మలేదు. ఆయన ఏం చెప్పినా సగం కొట్టేసి వినడం ఆ పిల్లకు చిన్నప్పటి అలవాటు. తండ్రి మొహం చూశాక వెళ్లి సైకిలు పక్కన కూచుని, క్రాంకును పట్టుకుని ఊపింది. వేళ్లకు తెలిసింది.

ఫోన్ తీసి గుంటూరులో ఒక షాపుకు చేసింది. మాట్లాడింది అర నిమిషం. సరే అన్నా, పర్లేదు, అని పెట్టేసింది. ఏమైందని అడిగాడు నెహెమ్యా.

"సరైన క్రాంకు జత షాపాయన కాడే ఉండింది. మొన్న నా కోసం పక్కన పెట్టాడు. తాత సరిపోయిందన్నాడని నిన్న వద్దని చెప్పా. సాయంత్రమే ఎవరో తీసుకుపోయారంట."

పోటీకి వచ్చే పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కటే బండి. ఎవరిని అడుగుతాం? అడిగినా ఎవరిస్తారు? నెహెమ్యా ఆ మాట పైకి అనలేదు. లహరి కూడా ఆ లెక్క వేసుకున్నట్టే ఉంది. తాడు ముడి విప్పి, ముందు చక్రాన్ని మళ్లీ దాని చోట పెట్టి బిగించింది. చేతులు తుడుచుకుంది. కోపం లేదు, ఏడుపూ లేదు. ఆ వయసు పిల్ల మొహంలో ఉండాల్సిందేదీ లేదు.

"నిన్న చెప్పుంటే గుంటూరు పోయి తెచ్చుకునేదాన్ని తాతా," అంది. "కాదని ఒక్క మాట."

జాన్ సాహెబు తల ఊపాడు.

ఆరింటికి మాచర్ల బండి వచ్చింది. రెండు నిమిషాలు ఆగి, కూత వేసి కదిలింది. ఆ చప్పుడు గురజాల వైపు పోయి పోయి, ముసురులో కలిసిపోయింది. లహరి లోపలికి వెళ్లి సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వెయ్యసాగింది. జాన్ సాహెబు గడప మీదే కూచుని ఉన్నాడు. ఆయన్ను పొమ్మని ఎవరూ అనలేదు. లోపలికి రమ్మనీ అనలేదు.